మా నాన్న చొక్కా బొమ్మ

ఈ వారం భూమి గురించి రాస్తానన్నాను. అది వచ్చే వారం. ఇవాళ ఒక పెన్సిలు బొమ్మ గురించి చెప్పాలి.

మా పాప ఏడో తరగతి. సెలవుల్లో వాళ్ల నాయనమ్మ ట్రంకుపెట్టె సర్దుతుంటే చనిపోయిన మా నాన్న గళ్ల చొక్కా ఒకటి బయటపడింది. పాప దాన్ని మేకుకు తగిలించి, రూళ్ల నోటుబుక్కులో బొమ్మ వేసింది. గొప్ప బొమ్మేం కాదు. ఒక చెయ్యి పొడుగు, ఒకటి పొట్టి. గళ్లు సగం గీసి, విసుగొచ్చి వదిలేసింది. గుండీలు మాత్రం నాలుగూ నాలుగు రకాలు, చొక్కాకు ఎట్లా ఉన్నాయో అట్లాగే. కాలరు బాగా కుదిరింది. ఏటా ఏప్రిల్ 14కి బాబాసాహెబ్ కోటు వేసీ వేసీ చెయ్యి తిరిగింది మరి.

ఎడమ చంక దగ్గర నల్లగా, అడ్డదిడ్డంగా గీతలు. "అక్కడ పాడైంది, రబ్బరుతో తుడుపు" అన్నాను. మాట్లాడకుండా చొక్కా తెచ్చి చంక తిప్పి చూపించింది. మాసిక మీద మాసిక. కుడి చంకకు ఒక్క కుట్టు లేదు.

మా అమ్మ చూసి, "తువాలు అక్కడే గదా పెట్టుకునేది" అంది.

మా పల్లె నుంచి పొలానికి పోవాలంటే ఆసాముల బజారు దాటాలి. అరుగు మీద ఎవరన్నా కూర్చొనుంటే భుజం మీది తువాలు తీసి చంకలో పెట్టుకోవాలి. చెప్పులు చేతిలోకి తీసుకోవాలి. పోయేటప్పుడు, మళ్లీ వచ్చేటప్పుడు. ఈ సంగతి నేను ఎన్నో సభల్లో మైకు పట్టుకుని చెప్పాను. దానికి చొక్కా చిరుగుతుందని మాత్రం నాకెప్పుడూ తట్టలేదు. కుట్టిన మనిషి నా ఇంట్లోనే ఉంది, ఒక్కరోజూ అడగలేదు.

1985 జూలై 17న కారంచేడు. బతికి బయటపడ్డవాళ్లు చీరాల చేరారు. ఆ పోరాటంలోంచే దళిత మహాసభ పుట్టింది. మా నాన్న కూడా చీరాల సభకు పోయొచ్చాడు. ఏం విన్నాడో ఇంట్లో చెప్పలేదు. మర్నాడు బజార్లో తువాలు తియ్యలేదు. ఆ వారం ఆయన్ని ఎవరూ కూలికి పిలవలేదు. ఆ పై వారమూ అంతే.

పాపకు ఇదంతా చెప్పి, బొమ్మలో భుజం మీద తువాలు గీయమన్నాను. ఒప్పుకోలేదు.

"చొక్కా మీద తువాలు లేదు నాన్నా. చిరుగుంది, అది వేశా."

ఫొటో పెడుతున్నాను. ముందు ఎడమ చంక చూడండి.