రెండు చదరపు మిల్లీమీటర్ల లెక్క

ఆపరేషన్ థియేటర్ చూద్దామని హైదరాబాదులోని ఒక క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్తే, ఊపిరితిత్తుల సర్జన్ నన్ను ముందు పాథాలజీ గదికి పంపించారు. "గడ్డ పేరు అక్కడ తేలాలి. తేలనిదే నేను కత్తి పట్టను, వాళ్లు కీమో ఎక్కించరు" అన్నారు. రోగుల గురించి రాస్తున్నాను కనుక ఆసుపత్రి పేరు చెప్పను.

గది నిండా ఫార్మలిన్ ఘాటు. ఊపిరితిత్తిలోంచి తీసిన ముక్కను మైనంలో దిమ్మగా పోసి, మూడు నాలుగు మైక్రాన్ల పొరలుగా కోసి, గాజు పలక మీద రంగు వేస్తున్నారు. పాథాలజిస్టు మేడం ఒక స్లైడు పెట్టి చూడమన్నారు. ఒకే తీరు చిన్న కణాలు గుంపులు కట్టి ఉన్నాయి. అది కార్సినాయిడ్. ఊపిరితిత్తుల గడ్డల్లో నూటికి ఒకటో రెండో ఇలాంటివి ఉంటాయి. సిగరెట్ ముట్టనివాళ్లకీ, పడుచు వయసువాళ్లకీ వస్తాయి.

తరువాత ఆవిడ లెక్క మొదలుపెట్టారు. రెండు చదరపు మిల్లీమీటర్ల మేర చీలుతున్న కణాలు రెండుకన్నా తక్కువ ఉండి, చచ్చిన కణాల జాడ లేకపోతే అది టిపికల్ కార్సినాయిడ్. రెండు నుంచి పది దాకా ఉన్నా, చచ్చిన కణాలు కనబడినా ఎటిపికల్. పది దాటి, కణాలు పెద్దవిగా ఉంటే అదే కుటుంబంలోని ఉగ్ర రూపం, లార్జ్ సెల్ న్యూరోఎండోక్రైన్ క్యాన్సర్. పాకని టిపికల్ గడ్డను పూర్తిగా కోసి తీసేస్తే సాధారణంగా కీమో అక్కర్లేదు. చివరిదానికి చాలాసార్లు కత్తి ఒక్కటే చాలదు. మనిషి జుట్టు, కిడ్నీలు, నెలల తరబడి జీతం, అన్నీ ఆ మైక్రోస్కోపు కింది లెక్క మీద ఆధారపడి ఉన్నాయని అర్థమయ్యాక నాకు అక్కణ్ణించి కదలాలనిపించలేదు.

ఆ స్లైడు ఖమ్మం వైపు అమ్మాయిది. వయసు ముప్పై లోపే. రెండేళ్లు పిల్లికూతలతో దగ్గింది. ఆస్తమా అని ఇన్‌హేలర్ ఇచ్చారు. గళ్లలో నెత్తురు పడ్డాక, పరీక్షలో క్రిమి కనబడకపోయినా టీబీ మందులు మింగించారు. మన దగ్గర టీబీ ఎక్కువే, ముందు దాన్ని అనుమానించడం సబబే. కానీ గళ్ల పరీక్షలో ఏమీ లేకుండా, ఒకే వైపు మళ్లీ మళ్లీ నిమ్ము చేస్తుంటే గొట్టం వేసి లోపల చూడాలి కదా! ఈ గడ్డ చాలాసార్లు పెద్ద శ్వాసనాళంలో, నున్నని పొర కప్పుకుని ఉంటుంది. ఎక్స్‌రేకి చిక్కకపోవచ్చు, గళ్లలోకి కణాలు రాల్చకపోవచ్చు. బ్రాంకోస్కోపు ఫొటోలో చూశాను, ముగ్గిన రేగుపండులా ఎర్రగా ఉంది.

ఆపరేషనై నాలుగో రోజు. ఛాతీలోంచి వచ్చే గొట్టానికి తగిలించిన నీళ్ల సీసా చేత్తో పట్టుకుని ఆమె వరండాలో నడుస్తోంది. మధ్యలో ఆగి, మూడు బంతుల స్పైరోమీటరుతో గాలి పీలుస్తోంది. రెండు బంతులు లేస్తున్నాయి. "మూడోది రేపు లేపుతావులే, అమ్మా" అంది సిస్టర్. గడ్డ కుడి పైలోబు ముఖద్వారంలో ఉంది. ఒకప్పుడైతే కుడి ఊపిరితిత్తి మొత్తం పోయేదే. సర్జన్ పైలోబుతో పాటు శ్వాసనాళంలో ఉంగరమంత మేర కోసి, మిగిలిన కొసలను కలిపి కుట్టారు. కింది రెండు లోబులూ దక్కాయి. 1947లో లండన్ సర్జన్ క్లెమెంట్ ప్రైస్ థామస్ ఈ తరహా ఆపరేషన్ మొదటిసారి చేసింది కూడా ఇటువంటి గడ్డకే. రోగి వైమానిక దళంలో చేరిన కుర్రాడు. అతనికి ఊపిరితిత్తి మిగల్చాలన్న పట్టుదలలోంచి పుట్టిన ఆపరేషన్ అది. ఎంత కోశామన్నదానికన్నా ఎంత మిగిల్చామన్నదే సర్జన్ నైపుణ్యమని నాకనిపిస్తుంది.

కీమో వార్డులో ఉన్న పెద్దాయనది ఉగ్ర రకం. లోబు తీసేశారు, పక్కనున్న గ్రంథుల్లోనూ క్యాన్సర్ దొరికింది. సిస్‌ప్లాటిన్, ఎటోపొసైడ్ ఎక్కిస్తున్నారు. మూడు వారాలకోసారి చొప్పున నాలుగు సార్లు. సిస్‌ప్లాటిన్ కిడ్నీల మీద పడుతుంది కాబట్టి ముందూ వెనకా సెలైన్ పెట్టి, మూత్రం కొలుస్తున్నారు. చెవుల్లో హోరు వస్తోందా అని కూడా అడుగుతున్నారు.

"గడ్డ తీసేశారు కదా సార్, మళ్లీ ఇదెందుకు?" అన్నాడు కొడుకు.

"స్కాన్‌కు దొరకని కణాలు ఉండొచ్చు బాబూ. ఇది అరుదైన రకం. దీనికోసమే చేసిన పెద్ద పరిశోధనలు తక్కువ. స్మాల్ సెల్ క్యాన్సర్ మీద పనిచేసే మందుల్నే దీనికీ వాడుతున్నాం" అన్నారు డాక్టరు. ఆ నిజాన్ని దాచకుండా రోగి తాలూకు మనిషికే చెప్పినందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

సాయంత్రం పెద్దాయనను ఇంటికి పంపుతూ సిస్టర్ ఫైలు మీద ఫోన్ నంబరు రాసింది. వారం దాటాక తెల్లకణాలు పడిపోతాయనీ, జ్వరం 100.4 తాకితే తెల్లారేదాకా ఆగకుండా, ఊళ్లో ఇంజెక్షన్ వేయించుకోకుండా నేరుగా ఇక్కడికే రావాలనీ చెప్పింది. కొడుకు దగ్గర థర్మామీటరు లేదు. కింద మందుల షాపులో కొని తెచ్చి చూపించాకే ఆమె డిశ్చార్జి కాగితం చేతికిచ్చింది.