పోతనాళ దగ్గర కట్ట విప్పిన రోజు

మాన్వి దాటి సింధనూరు వైపు వెళ్తే దారిలో పోతనాళ. బోర్డులన్నీ కన్నడమే. టీ కొట్టు దగ్గర నిలబడితే మాత్రం కన్నడం, తెలుగు, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. 1953లో తుంగభద్ర డ్యాం పూర్తయి, ఎడమ కాలువ నీళ్లు ఈ నల్లరేగడికి అందాక గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు అక్కడి పొలాలు అమ్ముకుని వచ్చి ఇక్కడ కొన్నారు. వాళ్లు వేసుకున్న ఊళ్లే క్యాంపులు. మనవలు ఇక్కడే పుట్టి పెరిగినా, మేడలు లేచినా ఇంకా క్యాంపే అంటారు.

అలాంటి క్యాంపులో మాకు వరసకి బాబాయి ఒకాయన ఉన్నాడు. రబీ ధాన్యం మిల్లుకి వెళ్లిపోయింది, కాలువకి నీళ్లు ఆపేశారు. ఈ ప్రాంతంలో బండ్లు విప్పేది ఈ వేసవిలోనే. వేప చెట్టు కింద ఆయన పాత బొలేరో పికప్ వెనక భాగం గాల్లో ఉంది. ముందు చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, చాసిస్ కింద రెండు పక్కలా మొద్దులు పేర్చారు. జాకీ ఇరుసుని మోయడానికే. మొద్దులు పెట్టకుండా ఎవరైనా బండి కిందకి దూరితే బాబాయి నోరు ఊరుకోదు.

విరిగింది వెనక స్ప్రింగుగా పనిచేసే కమాన్ కట్టలో పైన ఉండే మెయిన్ పట్టీ. కారణం అడగక్కర్లేదు. ఇక్కడ ధాన్యం బస్తా 75 కిలోలు. పదహారు వేస్తే పన్నెండు వందల కిలోలు, బండికి అంతకంటే పెద్దగా చెల్లదు. కోతలప్పుడు ముప్పై ఎక్కుతాయి, అంటే రెండుంపావు టన్నులు. పైగా రేగడి దారి తడిస్తే గుంట, ఆరితే గతుకు.

బాబాయి మాత్రం బరువుని తప్పుపట్టలేదు. “విరిగిన చోటు చూడు,” అన్నాడు. సరిగ్గా సెంటర్ బోల్టు బెజ్జం దగ్గర విరిగింది. పట్టీలన్నిటినీ ఇరుసుకి బిగించి పట్టుకునేవి యూ బోల్టులు. అవి బిగువుగా ఉన్నంతకాలం ఆ మధ్య భాగం వంగదు. వదులైతే వంపంతా బెజ్జం మీదకి వస్తుంది, పట్టీలో బలహీనమైన చోటు అదే. ముప్పై బస్తాలు మోసిన కట్టని నట్టు నాలుగు చుట్లు వదులై విరగ్గొట్టిందన్నమాట.

మిగతా నట్లు తుప్పుపట్టి కదల్లేదు. వాటి మీద డీజిల్ పోసి, ఇనుప బ్రష్షుతో మరలు రుద్ది, నానడానికి వదిలేశారు. ఆ ఖాళీలో మాట డ్యాం మీదకి పోయింది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 33 గేట్లలో 19వది గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఆయకట్టంతా గుండెలు చేతబట్టుకుంది. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు సలహాతో, నీళ్లు పారుతుండగానే స్టాప్‌లాగ్ పలకలు ఒకదాని మీద ఒకటి దించి వారం తిరిగేసరికి ప్రవాహాన్ని ఆపారు. “గొలుసు తెగేదాకా దాన్ని ఎవరు చూస్తారు! గేటేమో కళ్ల ముందే ఉంటుంది,” అని బాబాయి పానా అందుకున్నాడు.

పక్క పొలం కౌలు చేసే కన్నడ కుర్రాడు సాయం పట్టాడు. “మామా, దీనికి వెల్డింగ్ పెట్టిద్దాం, కొత్త పట్టీ ఎందుకు?” అన్నాడు. బాబాయి తల అడ్డంగా ఊపాడు. స్ప్రింగు ఇనుముకి పదును పెట్టి ఉంటుంది, వెల్డింగ్ వేడికి ఆ పదును పోతుంది. అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది, అదీ ఏ వంతెన మీదో. కొత్త పట్టీ సింధనూరు నుంచి ముందే తెప్పించి ఉంచాడు.

ఇంట్లో బాగుచేయడం అంటే అన్నీ ఇంట్లోనే చేసెయ్యడం అనుకుంటాం. నాకు నచ్చింది ఆయన ఎక్కడ ఆగాలో తెలుసుకోవడం. 2523 సీసీ డీఐ ఇంజను హెడ్డు దించుతాడు, ఫిల్టరు మార్చి చేతి పంపు కొట్టి గాలి తీస్తాడు. డీజిల్ పంపు ముట్టుకోడు, టౌనుకి పంపిస్తాడు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లకి లైటు వెలిగితే స్కానర్ పెట్టి చూడాల్సిందే, వాటి మీద ఆయనకి మోజు లేదు. నేనైతే పూర్తిగా ఒప్పుకోను. పాత ఇంజను నల్లపొగ కూడా పల్లెలోనే తిరుగుతుంది కదా.

పట్టీలు వరసలో పేర్చి, కొత్త సెంటర్ బోల్టు వేసి, ఇరుసుని జాకీతో లేపి, ఆ బోల్టు తలని ఇరుసు బెజ్జంలో కూర్చోబెట్టడం పెద్ద తంటా. ముగ్గురం కలిసి గునపంతో నెట్టాం. శాకిల్ బుష్షులు అరిగి ఉన్నాయి, అవీ మార్చారు. యూ బోల్టులకి పాత నట్లు వాడలేదు. ఒక్కో నట్టునీ పూర్తిగా బిగించకుండా, నాలుగూ ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించారు. లేకపోతే కట్ట ఒక పక్కకి ఒరుగుతుంది.

సాయంత్రం బండి దింపి, పది బస్తాల ఎరువు వేసి కాలువ గట్టు దాకా పోయి వచ్చాం. రాగానే బాబాయి బరువు దించనివ్వలేదు, బండి కిందకి దూరాడు. ప్రతి నట్టూ ఇంకో పావు చుట్టు తిరిగింది. కొత్తగా పేర్చిన పట్టీలు ఒకదాని మీద ఒకటి సర్దుకునేటప్పుడు బోల్టులు వదులవుతాయి, నాలుగైదు ట్రిప్పులయ్యాక ఇంకోసారి చూడాలట. లేచి చేతులు తుడుచుకుంటూ వెనక ఎడమ చక్రం వైపు వేలు చూపించాడు. హబ్బు దగ్గర ఆయిలు చెమ్మ. “సీలు పోయింది. బ్రేకు లైనర్ల మీదకి దిగకముందే పట్టుకోవాలి. రేపు డ్రమ్ము దింపుదాం,” అన్నాడు. ఆ కుర్రాడు అప్పటికే జాకీ తెస్తున్నాడు.