చాయ్ దారి: స్టేషన్ నుంచి చార్మినార్ దాకా

మూసీ నది మా ఊళ్లో పడమటి నుంచి తూర్పుకి పారుతుంది. దానికి అడ్డంగా, ఉత్తరం నుంచి దక్షిణానికి పోయే చాయ్ దారి ఒకటుంది. సికింద్రాబాద్ స్టేషన్ ముందు పుట్టి, చార్మినార్ నీడలో ఆగిపోతుంది. మధ్యలో పది కిలోమీటర్ల పైచిలుకు నడక. ఒక ఆదివారం పొద్దున్నే బయల్దేరాను. కుర్చీ కనబడితే కూర్చోవాలన్నది ఒక్కటే నియమం.

స్టేషన్ ఎదురుగా ఆల్ఫా హోటల్. రాత్రంతా రైల్లో నడుం పట్టేసినవాళ్లు, మూటలు దించి వచ్చిన హమాలీలు, పెళ్లికొచ్చిన చుట్టాలు అందరూ ఒకే బల్ల దగ్గర చేరతారు. ఇరానీ హోటల్లో బల్లకి సొంతదారు ఉండడు. ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంటే కొత్త మనిషి వచ్చి కూర్చుంటాడు, మనల్ని అడగడు. నా ఎదుట కూర్చున్న పెద్దాయన చాయ్ సాసర్‌లో పోసుకుని, ఊదుకుని, రెండు గుక్కల్లో ముగించి, నా పేపర్లో లోపలి పేజీ లాక్కున్నాడు. "ఆటల పేజీ నీకేం పనికిరాదులే బేటా" అన్నాడు. నిజమే.

ఈ హోటళ్లు పెట్టినవాళ్ల పెద్దలు ఇరాన్ నుంచి, ముఖ్యంగా యజ్ద్ వైపు నుంచి, బొంబాయి, పూనాల మీదుగా ఇక్కడికి చేరారు. వీధి మలుపులో దుకాణం అచ్చిరాదని స్థానికులు వదిలేసిన మూలల్ని వాళ్లు అందుకున్నారని చెప్పుకుంటారు. దాంతో రెండు రోడ్ల గిరాకీ ఒక్క గల్లాపెట్టెలో పడింది.

1897 నాటి క్లాక్ టవర్ దాటి సరోజినీ దేవి రోడ్డు పట్టుకుంటే ప్యారడైజ్ చౌరస్తా. 1953లో ఇక్కడి సినిమా హాలు పక్కన చిన్న కేఫ్‌గా మొదలైన ప్యారడైజ్ పేరు చెబితే ఇప్పుడు అందరికీ బిర్యానీయే గుర్తొస్తుంది. లెక్క తేలికే. బిర్యానీ తిన్నవాడు లేచిపోతాడు, చాయ్ తాగినవాడు లేవడు.

రాణిగంజ్ మీదుగా టాంక్‌బండ్ ఎక్కాను. గట్టు మీది విగ్రహాల్లో మఖ్దూం మొహియుద్దీన్ ఉన్నాడు. 1908లో పుట్టిన ఉర్దూ కవి, తెలంగాణ సాయుధ పోరాటంలో నిలబడ్డ కమ్యూనిస్టు. ఆయన్ని ఇక్కడ నిలబెట్టారు గానీ, బతికున్నప్పుడు ఆయన కూర్చున్న చోటు ఇంకా ముందుంది. బషీర్‌బాగ్ దాటి ఆబిడ్స్ చేరితే, అక్కడ ఒకప్పుడు ఓరియంట్ హోటల్ ఉండేది. కవులు, విలేకరులు, నాయకులు చాయ్ కప్పుల ముందు గంటలకొద్దీ వాదించుకున్న చోటది. విగ్రహం మిగిలింది, కుర్చీ పోయింది.

అయినా ఆబిడ్స్‌లో 1935 నాటి గ్రాండ్ హోటల్ ఉంది. వంటింటి గడప దగ్గర నిలబడి చూడండి. డికాక్షన్ ఒక పాత్రలో, మూత బిగించి, సన్నని సెగ మీద దమ్ అవుతుంటుంది. పాలు ఇంకో పాత్రలో మరిగి మరిగి చిక్కబడతాయి. రెండూ కలిసేది కప్పులోనే. పాలు దట్టంగా కావాలంటే "పౌనా" అనాలి. అడక్కుండానే ఒక ప్లేటు నిండా చిన్న సమోసాలు బల్ల మీదికొస్తాయి. తిన్నవాటికే డబ్బు. ఎన్ని తిన్నామో మనం చెప్పిందే లెక్క, మిగిలినవి పక్క బల్లకి పోతాయి. ముక్కూ మొహం తెలియని మనిషి మాట మీద నడిచే వ్యాపారం ఈ ఊళ్లో ఇంకెక్కడుందో నాకు తెలియదు.

మొజంజాహీ మార్కెట్ దాటి అఫ్జల్‌గంజ్. కుడివైపు ఉస్మానియా ఆసుపత్రి. అక్కడి రోగులకు బలం కోసమే ఉస్మానియా బిస్కెట్టు పుట్టిందని ఒక కథ. ఏదైతేనేం, తీపీ ఉప్పూ కలిసిన ఆ బిస్కెట్టుకి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరే మిగిలింది. నయాపూల్ మీద ఆగి కిందికి చూస్తే నల్లటి నీళ్లు. 1908లో ఊరిని ముంచేసిన మూసీ ఇదేనంటే నమ్మబుద్ధి కాదు.

మదీనా, పత్తర్‌గట్టి దాటాక చార్మినార్. పక్కనే 1993 నుంచి ఉన్న నిమ్రా కేఫ్. ఇక్కడ చాలామంది నిలబడే తాగుతారు. ఆగి ఉన్న స్కూటర్ సీటే బల్ల. దాని మీద కప్పు పెడితే, స్కూటర్ యజమాని వచ్చి "తాగెయ్ భాయ్, తొందరేం లేదు" అని పక్కన నిలబడ్డాడు.

దారంతా నడిచాక ఒకటి తేలింది. ఇరానీ హోటల్లో కప్పుకి ఇచ్చే డబ్బు నిజానికి కుర్చీకి ఇచ్చే కిరాయి. మలుపుల్లో స్థలాల ధరలు ఆ కిరాయిని ఎప్పుడో మింగేశాయి. అందుకే ఒక్కో హోటలూ బిర్యానీకో, బట్టల కొట్టుకో చోటిచ్చి తప్పుకుంటోంది. జూబ్లీహిల్స్ కాఫీ షాపుల్లో కుర్చీలు మెత్తగా ఉంటాయి, కానీ ఎదుటి కుర్చీలో లాప్‌టాప్ సంచి కూర్చుంటుంది.

ఈసారి ఇరానీ హోటల్‌కి వెళ్తే పార్సిల్ చెప్పకండి. లోపలికెళ్లి కూర్చోండి. ఎదుటి కుర్చీ మాత్రం ఖాళీగా ఉంచండి, ఎవరో ఒకరు వస్తారు.