ఫస్ట్‌క్లాస్ కన్నా పక్క సీటే మిన్న

విమానంలో ఫస్ట్‌క్లాస్ అంటే ఎవరికైనా మోజే. 2020లో అమెరికా డొమెస్టిక్ ఫ్లైట్లలో మాత్రం సీన్ రివర్స్! అక్కడ ఫస్ట్‌క్లాస్‌లో ఎక్కువగా అటు రెండు, ఇటు రెండు సీట్లే ఉంటాయి. ఖాళీగా వదలడానికి మధ్య సీటు ఉండదు. అందుకే కరోనా టైమ్‌లో డెల్టా లాంటి సంస్థలు సగం సీట్లే అమ్మేవి. ఎకానమీలో మధ్య సీటు ఆపేసినా, ముగ్గురు కలిసి వెళ్తే పక్కపక్కనే ఇచ్చేవి.

ఆ డిసెంబరులో అమ్మానాన్నలతో డల్లాస్ నుంచి సియాటెల్ వెళ్లాను. పాయింట్లు పెట్టి వాళ్లకి ఫస్ట్‌క్లాస్ చూపిద్దామనుకున్నా. తీరా చూస్తే సీట్లన్నీ విడివిడిగానే ఉన్నాయి. నాన్నకి షుగర్. డౌన్ అయితే ముందు కనిపెట్టేది అమ్మే. ఇక ఆలోచించలేదు, ఎకానమీలో మూడు సీట్లు తీసుకున్నా.

కిటికీలోంచి రాకీ పర్వతాల మంచు చూస్తూ నేను మైమరచిపోయా. ఇటు నాన్న నుదుటి మీద చెమట. నేను గమనించేలోపే అమ్మ ఆయన మాస్కు దించి, గ్లూకోజ్ బిస్కెట్ నోట్లో పెట్టేసింది.

మన డీజీసీఏ కూడా 2020 జూన్‌లో వీలైనంత వరకు మధ్య సీటు ఖాళీగా ఉంచమంటూనే, ఒకే కుటుంబం వాళ్లు కలిసి కూర్చోవచ్చంది. సబబే. ఒకే కుక్కర్ అన్నం తినేవాళ్ల మధ్య ఖాళీ సీటు ఎవరిని కాపాడుతుంది?