గాజు బుడ్డి మీది పేరు

పాత అనంతపురం జిల్లాలో చాలా ఊర్లలో మైకు సెట్టు ఎవరిదని అడగండి, సాయిబుదనే చెప్తారు. రేడియో బాగుచేసేదెవరని అడగండి, మళ్లా సాయిబే. సైకిలు పంక్చరు, తాళంచెవి, కళాయి, దూది ఏకడం - భూమి లేనోళ్ల చేతికి దొరికిన పనులివి. మాకు సెంటు భూమి లేదు. ఉన్నోళ్లకు మాత్రం ఏం మిగిలింది? ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ కురిసే నేల ఇది. పడితే వేరుశనగ, పడకపోతే బెంగళూరు. అందుకే మా దాదా నాగలి పట్టలేదు. సోల్డరింగ్ కడ్డీ పట్టినాడు.

ఆయన మాకు వదిలిపోయిన ఆస్తి ఒక రేకు ట్రంకు. దాన్నిండా వాల్వులు. ట్రాన్సిస్టర్లు రాకముందు రేడియోకు, మైకు సెట్టుకు ప్రాణం పోసిన గాజు బుడ్లు. లోపల తీగె ఎర్రగా కాలుతుంది. ఆ వేడికి ఎలక్ట్రాన్లు లేచి, గాలి తీసేసిన ఖాళీలో రేకు దిక్కు పరిగెత్తుతాయి. మధ్యలో ఉన్న జల్లెడ వాటిని ఆపుతుంది, వదులుతుంది. అంతే సంగతి. సన్నటి శబ్దం పెద్దదవుతుంది.

మనవలమంతా కూర్చుని వాటిని వేరుచేసినాం. అబ్బా పక్కన కూర్చుని నేర్పినాడు. పేరులో మొదటి అక్షరం తీగెకు ఎంత కరెంటు కావాలో చెప్తుంది. 'ఈ' అంటే 6.3 వోల్టులు. 'డీ' అంటే 1.4 వోల్టులు, కరెంటు లేని పల్లెల్లో బ్యాటరీ మీద నడిచిన రేడియోలవి. డీకే 96, డీఎల్ 96 అట్లాంటివే. తర్వాతి అక్షరాలు పని చెప్తాయి. 'సీ' ట్రయోడు, 'ఎల్' స్పీకరును మోగించేది, 'జెడ్' కరెంటును ఒకే దిక్కుకు మళ్లించేది, 'ఎమ్' ఆకుపచ్చ కన్ను. అంకె 8తో మొదలై రెండంకెలుంటే తొమ్మిది కాళ్లు, 9తో మొదలైతే ఏడు. ఈసీసీ 83 అంటే ఒకే గాజులో రెండు ట్రయోడులు. అమెరికావాళ్లు దాన్నే 12ఏఎక్స్7 అంటారు. పేర్లు రెండు, పని ఒకటే.

పేరు చెరిగిపోతే గుడ్డతో తుడవకూడదు, ఉన్నది కూడా పోతుంది. నోటి ఆవిరి మెల్లగా ఊదితే చెరిగిన అక్షరాలు ఒక్క గడియ తేలుతాయి. బుడ్డి నెత్తిన వెండిపూత మెరుస్తుంటే లోపల ఖాళీ నిలిచినట్లు. సున్నం మాదిరి తెల్లబడితే గాలి చొరబడినట్లు, ఇంక అది చచ్చినట్లే. సెట్టు మీటర్లతో చూసేటప్పుడు దాదా ఒక చెయ్యి జేబులో పెట్టుకునేవాడంట. రెండు చేతులూ తగిలితే 250 వోల్టులు గుండె మీదుగా పోతాయని.

మా ఎండలు పంటను తిన్నాయి గానీ ట్రంకును తినలేదు. తేమ ఉన్న ఊర్లలో కాళ్లకు చిలుము పడుతుంది, అట్టపెట్టెలకు బూజు పడుతుంది. ఇక్కడ పెట్టె మీది అక్షరం కూడా చెక్కు చెదరలేదు. కరువు మాకు చేసిన మేలు ఇదొక్కటేనేమో!

దాదా ఇంట్లో సొంతానికి ఒక వాల్వు రేడియో ఉండేది. పోస్టాఫీసులో లైసెన్సు కట్టాల్సిన రోజులవి. 1952లో కేంద్రమంత్రి బి.వి. కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలు తగ్గించినాడు. దేశమంతా రేడియో సిలోన్ దిక్కు తిరిగింది. అమీన్ సయానీ గొంతు కోసం వీధి మొత్తం మా వాకిట్లో కూర్చునేది. రెడ్లు, బోయలు, మాదిగలు, మేం. ఆకుపచ్చ కన్ను దగ్గరికి ముడుచుకుంటే స్టేషన్ దొరికినట్లు.

ఆ రేడియో డయలు గాజు మీద ఢిల్లీ, బొంబాయి, కొలంబో, లండన్ పక్కన లాహోర్ అని కూడా అచ్చయి ఉండేది. ఆ అక్షరాలు దాదా రాసినవి కావు. 1965లో, 1971లో అదే వాకిట్లో నిలబడి 'ఏ స్టేషన్ వింటున్నావు సాయిబూ?' అని అడిగినోళ్లున్నారు. మొన్నటిదాకా పాటలు విన్నోళ్లే. లైసెన్సు పుస్తకం చూపించాల్సొచ్చింది దాదా. అడిగినోళ్ల రేడియోల మీద కూడా లాహోర్ ఉండేది. వాళ్లనెవరూ అడగలేదు.

అదే దాదా నార్పల దగ్గర గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల పండగకు మైకు కట్టేవాడు. శ్రీరామనవమికీ కట్టేవాడు. ఈఎల్ 34 బుడ్లు రాత్రంతా కాలుతుంటే వాటి ముందర కూర్చుని చలి కాచుకునేవాడంట. ఏ దేవుని పాటకైనా బుడ్డి ఒకే తీరుగ ఎర్రబడేది.

ఇప్పుడు పాత వాల్వులకు గిరాకీ వచ్చింది. గిటారు వాయించేవాళ్లు, రికార్డులు వినేవాళ్లు వెతుక్కుంటున్నారు. రష్యా, స్లొవేకియా, చైనాల్లో ఇవాళ్టికీ కొత్తవి చేస్తున్నారు గానీ పాతవాటి మోజు వేరు. బెంగళూరు నుంచి ఒకాయన వచ్చి ట్రంకు చూసినాడు. ఇంగ్లండు ముద్ర ఉన్న మల్లార్డులను పక్కకు తీసి మంచి ధర చెప్పినాడు. 'బీఈఎల్ ఇండియా' అని ఉన్నవాటిని మాత్రం వేళ్లతో పక్కకు నెట్టినాడు. అవి బెంగళూరులోనే, 1954లో పుట్టిన ప్రభుత్వ సంస్థ భారత్ ఎలక్ట్రానిక్స్ చేసినవి. మా దాదా అన్నం తిన్నది వాటి మీదే.

చూడండి ఈ వింత. బుడ్డికి పరాయి దేశం ముద్ర ఉంటే ధర పెరుగుతుంది. మాకు లేని పరాయి ముద్ర కొట్టి మా విలువ తగ్గిస్తారు. ఈ నేలలో పుట్టి, ఈ నేల కరువు తిన్నోళ్లం. దేశం ముద్ర బుడ్డికి చవక, మాకు చాలదు.

అబ్బా నాలుగు మల్లార్డులు అమ్మినాడు. చెల్లెలి కాలేజీ ఫీజు కట్టినాం. మిగిలిన పెట్టెలను కొత్తగా సర్దినాం. ఒక్కోదాన్నీ మీటరుతో చూసి, దాని పేరు, పని, పుట్టిన చోటు తెలుగులో రాసి అంటించినాం. ఉర్దూలో కూడా రాయమంది దాదీ. రాసినాం. పేర్లు రెండైనా బుడ్డి ఒకటే కదా. బీఈఎల్‌వి ఒక్కటీ అమ్మలేదు. వాటిని బిగించి దాదా మైకు సెట్టును నడిపిస్తున్నాం. స్విచ్చి వేసినాక అర నిమిషం ఓపిక పట్టాల. అది వేడెక్కాల. అప్పుడు మాట్లాడుతుంది. ఈ దేశంలో మేం ఎంతకాలంగా వేడెక్కి ఉన్నామో మీరే లెక్క కట్టండి. మాట్లాడనియ్యండి.