కట్టెలోని కషాయము

వేసవిలో ధర్మసాగర్ చెరువునీరు వెనుకకు జరిగినపుడు, ఒడ్డున నల్లతుమ్మ మోడులు, వేళ్ళు బయటపడుచుండును. ఆ ఊరి గృహస్థు ఒకరు అట్టి వేరు నొకదానిని చూచి, దాని వంకరల సొగసునకు ముగ్ధుడై, ఇంటికి తెచ్చి మనుమని అక్వేరియములో నుంచెను. బురద కడిగితిని గదా, అంతియే చాలునని ఆయన తలంపు.

మూడవనాటికి నీరు తేనీటి రంగునకు తిరిగెను. విషమేదో దిగినదని భయపడి, ఆయన నీరంతయు ఒక్కసారిగా తోడివేసి నల్లానీటితో నింపెను. సాయంకాలమునకు ఏడు గప్పీ చేపలలో ఐదు వెల్లకిల తేలినవి. ఆ రాత్రి మనుమడు భుజింపలేదు.

చంపినది కట్టె కాదు. నల్లతుమ్మ బెరడుతో తోళ్ళు పదును చేయుదురు. అందలి టానిన్ అను వగరు పదార్థము నీటికి రంగును, కొంత ఆమ్లగుణమును ఇచ్చును. మితముగా నున్నచో చేపలకు హాని చేయదు. నల్లానీటిలోని క్లోరిన్, నీటి గుణమున హఠాత్తుగా కలిగిన మార్పు, ఈ రెండే ఆ ప్రాణములను హరించినవి.

వగరునకు సంస్కృతమున కషాయమని పేరు. ఛాందోగ్యము సప్తమాధ్యాయాంతమున, సనత్కుమారుని ఆశ్రయించిన నారదుని కషాయము తొలగినవానిగా శ్రుతి పేర్కొనుచున్నది. అచ్చట శంకరభగవత్పాదులు చెప్పిన పోలిక చెట్టుదే: వృక్షముల వగరు రంగు పట్టించినట్లు రాగద్వేషములు అంతఃకరణమునకు రంగు పట్టించును; జ్ఞానవైరాగ్యాభ్యాసములే దానిని కడుగు క్షారము. మాండూక్యకారికలలో గౌడపాదాచార్యులు కషాయముతో కూడిన మనస్సును ముందు గుర్తింపుమనిరి. గుర్తింపక కంగారుపడువాడు ఏమి చేయునో ఆ గృహస్థు తొట్టి చూపినది.

కట్టె విషయమున మాత్రము క్షారము పనికిరాదు. సబ్బు, ఫినాయిల్, బ్లీచింగ్ పొడి కట్టె రంధ్రములలో నిలిచి, పిమ్మట మెల్లగా నీటిలోనికి దిగును. ఇచ్చట క్షాళనమునకు నీరు, కాలము మాత్రమే సాధనములు.

మొదట చెట్టును ఎరుగవలెను. కానుగ చేపలకు విషమని పల్లెవారికి తెలిసినదే. గన్నేరు, జిల్లేడు, వేప కూడ వర్జ్యములే. పేరు తెలియని కట్టెను అందముగా నున్నదని తెచ్చుట సాహసము. పచ్చికట్టె తగదు, గోరు దిగునంత మెత్తబడినది కుళ్ళినది. బెరడంతయు ఒలిచి, గట్టి బ్రష్షుతో రుద్ది, వంటకు వాడని పాత్రలో గంట రెండు గంటలు మరిగించి, ఆ నీరు పారబోసి మరల మరిగించవలెను. పాత్రలో పట్టని కట్టెపై మరిగిన నీరు పోయవచ్చును. అటుపిమ్మట తొట్టిలో నానబెట్టి, రెండు మూడు దినములకొకసారి నీరు మార్చుచుండవలెను. ఇది వారముల పని. అక్వేరియములో దించిన పిదప తెల్లని బూజుపొర కనబడిన బెదరనక్కరలేదు. సాధారణముగా నిరపాయము, బ్రష్షుతో పోవును. నీరు మార్చవలసివచ్చినను, క్లోరిన్ పోవునట్లు ఒకదినము నిలువయుంచిన నీటితో, నాలుగవ వంతు మాత్రమే మార్చవలెను.

గృహస్థు ఆ వేరును పారవేయలేదు. పెరటిలో సిమెంటు తొట్టియందు నానబెట్టెను. మనుమడు ప్రతి ఉదయము ఆ నీటిని గాజుగ్లాసులో పట్టి వెలుతురునకెత్తి చూచుచుండెను: మొదట ముదురు కషాయము, తరువాత తేనె, తరువాత గడ్డిరంగు. ఇంకెన్నాళ్ళు తాతయ్యా అని అడిగినపుడెల్ల ఆయన గ్లాసునే చూపెను. ఆరవ వారమున కట్టె తేలుట మాని తనంత తానే అడుగున నిలిచెను. నీటిలో లేత పసుపు ఛాయ మిగిలియే యుండెను; దానికొరకు ఆయన మరి వేచియుండలేదు. మిగిలిన రెండు చేపలున్న అక్వేరియములో వేరును మెల్లగా దించిరి. అవి మొదట మూలకు పారిపోయినవి. దీపములు పెట్టు వేళకు రెండును వేరు వంపు క్రింద చేరియుండెను.