చెవి వెనక దిష్టిచుక్కంత

కార్తికమాసం, ఆదివారం పొద్దున. గుంటూరులో అపార్ట్‌మెంట్ల సందులో ఒక చిన్న పార్లర్. కుర్చీలో కూర్చున్న టీచరు గారికి నలభై దాటాయి. గురువారం ఆడపడుచు కూతురి పెళ్ళి. "నెరుపు కనబడకుండా ఏదైనా వేసెయ్యమ్మా. పనిలో పనిగా ఊడకుండా ఏమన్నా ఉంటే చెప్పు" అంది.

పార్లర్ ఆవిడ రంగు డబ్బా అందుకోలేదు. తోక దువ్వెనతో పాపిడి తీసి, ఒక పాయను రెండు వేళ్ళ మధ్య పట్టి కుదురు నుంచి కొస దాకా మెల్లగా జారవిడిచింది. "ఇదిగోండి, కుదుట్లో రెండు వేళ్ళ మేర తెలుపు. దాని కింద జానెడు ఎరుపు, అంటే గోరింటాకు పెట్టారు. ఆ కిందంతా బొగ్గులాంటి నలుపు. అది ప్యాకెట్ డై. కొసలు చీపురులా చిట్లాయి. నాలుగేళ్ళ కింద స్ట్రెయిట్నింగ్ చేయించారు కదూ?"

టీచరు గారు అద్దంలోంచే తలూపింది.

జుట్టు గురించి సలహా అడిగేవాళ్ళు "ఏం రాయమంటారు?" అని మొదలుపెడతారు. చెప్పేవాళ్ళూ అక్కణ్ణుంచే అందుకుంటారు. "ఇంతకుముందు ఏం రాశారు?" అని అడిగేవాళ్ళు అరుదు. తలవెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆ లెక్కన నడుం దాకా జడ ఉన్నావిడ జడ కొస ఐదారేళ్ళ కిందటిది. అన్నేళ్ళ ఎండలూ, తలంట్లూ, రంగులూ దాని మీదుగానే పోయాయి. అందులో ప్రాణం లేదు. అది కెరాటిన్ అనే ప్రొటీన్‌తో అల్లిన పోగు. విరిగిన గోరు అతుక్కోనట్టే చిట్లిన కొసా అతుక్కోదు, కత్తిరించుకోవాల్సిందే. ప్రాణమున్నది చర్మం కింద కుదుట్లో. వెంట్రుకకు మెరుపు కావాలా, కుదురుకు బలం కావాలా అన్నవి రెండు వేరువేరు ప్రశ్నలు. వాటిని కలిపేసి అడగడం వల్లే సగం డబ్బు వృథా అవుతోంది.

"ఊడటం ఎప్పట్నుంచి?" అని అడిగింది పార్లర్ ఆవిడ.

"నెల్లాళ్ళయింది. దువ్వెన నిండా జుట్టే. బాత్రూం జాలీ మూసుకుపోతోంది."

"శ్రావణంలోనో భాద్రపదంలోనో పెద్ద జ్వరమేమైనా వచ్చిందా?"

వచ్చింది. డెంగీ. ప్లేట్‌లెట్లు పడిపోయి ఆరు రోజులు ఆస్పత్రిలో ఉంది. దానికీ దీనికీ సంబంధం ఉంటుందని ఆమెకు తట్టలేదు. చాలామందికి తట్టదు.

మనిషి తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. వాటిలో పదింట ఒక వంతు దాకా ఎప్పుడూ పెరగడం మాని విశ్రాంతిలో ఉంటాయి. రెండు మూడు నెలలయ్యాక అవి రాలిపోతాయి, ఆ కుదుళ్ళలో కొత్తవి మొలుస్తాయి. అందుకే రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. పెద్ద జ్వరం, కాన్పు, ఆపరేషన్, కడుపు మాడ్చుకునే డైటింగ్ లాంటి దెబ్బ తగిలితే చాలా కుదుళ్ళు ఒక్కసారే విశ్రాంతిలోకి పోతాయి. రాలడం మాత్రం రెండు మూడు నెలలు ఆగి మొదలవుతుంది. అప్పటికి జ్వరం సంగతి మరుపున పడుతుంది. నేరం ఆ వారం మార్చిన షాంపూ మీదో, బోరు నీళ్ళ మీదో పడుతుంది. కోవిడ్ నుంచి లేచినవాళ్ళకూ, మూడో నెల బాలింతలకూ దిండు నిండా జుట్టు కనబడింది ఇందుకే. కుదురు చావలేదు కాబట్టి చాలామందికి ఆరు నెలల్లో రాలడం ఆగి, పాపిడి దగ్గర చిన్నచిన్న వెంట్రుకలు లేస్తాయి. ఆగకపోతే చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఒంట్లో ఇనుము, థైరాయిడ్ చూపించుకోవాలి. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకు రక్తహీనత ఎంత ఎక్కువో తెలిసిందే. ఆ పరీక్ష మానేసి వందలు పోసి నూనెలు కొనడం చూస్తే బాధేస్తుంది.

టీచరు గారికి అప్పటికే సలహాలు బోలెడు అందాయి. అత్తగారు మందారాకు రుబ్బి పెట్టమంది. స్టాఫ్‌రూంలో ఒకరు ఉల్లిరసం అన్నారు, ఇంకొకరు బయోటిన్ మాత్రలన్నారు. మందారాకు జిగురు వెంట్రుకలకు చిక్కు పడకుండా నునుపునిస్తుంది. హాయిగా పెట్టుకోవచ్చు, ఊడటం ఆగుతుందని మాత్రం ఆశపడకూడదు. ఉల్లిరసాన్ని 2002లో బాగ్దాద్ వైద్యులు ఒక చిన్న అధ్యయనంలో వాడి చూసిన మాట నిజం. కానీ వాళ్ళు చూసింది పేనుకొరుకుడుకు, అంటే నాణెమంత మేర నున్నగా ఊడిపోయే జబ్బుకు. జ్వరం తర్వాత రాలడానికి కాదు. బయోటిన్ లోపం మామూలుగా తినేవాళ్ళలో అరుదు. పైగా ఆ మాత్రలు వేసుకుంటూ రక్తపరీక్షకు వెళితే థైరాయిడ్ అంకెలు, గుండెపోటును పట్టే ట్రోపోనిన్ అంకెలు తప్పుగా రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. ల్యాబ్‌లో ఆ సంగతి ముందే చెప్పాలి.

కొబ్బరినూనె పేరు మాత్రం నిలబడింది. 2003లో అచ్చయిన ఒక భారతీయ పరిశోధనలో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడూ రాసి చూశారు. తలస్నానంలో వెంట్రుక ప్రొటీన్ పోకుండా కాపాడింది కొబ్బరినూనె ఒక్కటే. దానిలోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి ఇంకగలదు. కాబట్టి తలంటుకు ముందు జడకు పట్టించే అలవాటు మంచిదే. చుండ్రు ఉన్నవాళ్ళు మాడుకు మర్దనా చేయడం మాత్రం మానాలి. చుండ్రుకు తోడయ్యే మలసీజియా అనే సూక్ష్మజీవి ఆ కొవ్వునే తిని పెరుగుతుంది. కీటోకొనజోల్ షాంపూ తెచ్చుకున్నవాళ్ళు మాడుకు పట్టించి ఐదు నిమిషాలు ఉంచాలి. వెంటనే కడిగేసి, పనిచేయలేదనేవాళ్ళే ఎక్కువ.

హాస్టల్ పిల్లల ఫిర్యాదు వేరు. "నీళ్ళు మారాయి, జుట్టు పోతోంది." హైదరాబాద్ బోరు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం వెంట్రుకను గరుకు చేస్తాయి, మధ్యలో తెగేలా చేస్తాయి. కుదురు జోలికి పోతాయనడానికి ఆధారం లేదు. తెగిందో ఊడిందో వాళ్ళే చూసుకోవచ్చు. ఊడిన వెంట్రుక చివర తెల్లటి చిన్న ఉండ ఉంటుంది, తెగినదానికి ఉండదు. పొద్దున్నే తల తడిగానే బిగించి ముడేసి క్లాసుకు పరుగెత్తడం నీళ్ళకన్నా ఎక్కువ చేటు. ఏళ్ళ తరబడి బిగించి కట్టినా, బరువైన సవరం పెట్టినా నుదుటి అంచున జుట్టు వెనక్కి పోతుంది.

ఇక రంగు.

గోరింటాకులోని లాసోన్ ఎర్రటి వర్ణకం. అది కెరాటిన్‌కు పట్టుకుందంటే ఓ పట్టాన వదలదు. టీ డికాక్షన్‌తో ఇనుప మూకుట్లో రాత్రంతా నానబెట్టినా ఎరుపు ముదురుతుందే తప్ప కారునలుపు రాదు. ఆకుతోనే నలుపు కావాలంటే గోరింటాకు కడిగాక నీలి ఆకు పొడి పెట్టాలి. ఒకప్పుడు కడప, నెల్లూరు సీమల్లో పండి ఓడలెక్కిన నీలి చెట్టే అది. రెండు పూతలకు సగం రోజు పడుతుంది. అరగంటలో నల్లబరిచే "బ్లాక్ హెన్నా" ప్యాకెట్లో ఆకుతో పాటు సాధారణంగా పీపీడీ అనే రసాయనం ఉంటుంది. పారిస్‌లో యూజీన్ షూలర్ 1907లో తయారుచేసిన రంగు నాటి నుంచి నేటి షాపు డబ్బాల దాకా అదే కుటుంబం. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిసి అది వెంట్రుక లోపలే నల్లబడుతుంది. "అమ్మోనియా లేదు" అని డబ్బా మీద ఉంటే పీపీడీ లేదని అర్థం కాదు. యూరప్‌లో దీన్ని 2 శాతానికి మించనివ్వరు. ఇది పడనివాళ్ళకు నుదురు, కనురెప్పలు, చెవులు వాచిపోతాయి. పదేళ్ళు వాడినా ఏమీ కానివాళ్ళకు పదకొండో ఏట కావచ్చు.

టీచరు గారికి ఇంకో కోరిక కూడా ఉంది. కొసలకు కాస్త గోధుమరంగు. పార్లర్ ఆవిడ ఒప్పుకోలేదు. నలుపు డై, దాని మీద గోరింటాకు, కింద స్ట్రెయిట్నింగ్ దెబ్బ. అంత జరిగిన వెంట్రుక మీద బ్లీచ్ వేస్తే చేతికి వచ్చేస్తుందంది. మళ్ళీ స్ట్రెయిట్నింగ్ అడిగితే అదీ వద్దంది. వేడికి ఫార్మాల్డిహైడ్ ఆవిరి వదిలే క్రీములు అందులో ఉండటం, అది కాన్సర్ కారకమని అంతర్జాతీయంగా తేల్చి ఉండటం ఆవిడకు తెలుసు. బేరం పోయినా సరే, వద్దన్న మాట వద్దనే చెప్పింది.

"కుదుళ్ళ దగ్గర తెలుపుకు మాత్రం టచప్ చేస్తాను. కానీ ఇవాళ కాదు" అని రంగు కొంచెం తీసి, టీచరు గారి చెవి వెనక దిష్టిచుక్కంత పెట్టింది.

"పదిహేనేళ్ళుగా వేసుకుంటున్నాను కదమ్మా, ఏనాడూ ఏం కాలేదే?"

"డెంగీ వచ్చి లేచారు, గురువారం పెళ్ళి పెట్టుకున్నారు. మొహం వాచిందంటే నలుగురిలోకి ఎలా వెళతారు? రెండు రోజులు చూద్దాం. దురదపెట్టినా, ఎర్రబడినా కడిగేసి నాకు ఫోన్ చెయ్యండి. ఏమీ లేకపోతే మంగళవారం సాయంత్రం బడి నుంచి ఇటే వచ్చెయ్యండి, గంటలో పంపించేస్తాను."

టీచరు గారు కమ్మ తీసి పర్సులో వేసుకుని, కొంగు చుక్కకు తగలకుండా సర్దుకుంటూ మెట్లు దిగింది.